మేస్త్రి ముట్టనన్న గడియారం

ఆ రోజు పొద్దున గడియారాల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్త కరెంటు పొయ్యి వస్తుంది. బావమరిది వచ్చి దానికి తీగ కలుపుతాడు. తాను పక్కన నిలబడి వాడి పనిలో నాలుగు తప్పులు పడతాడు. ఆ తర్వాత వెళ్లి కొట్టు తెరుచుకుని, ఎవరూ రాని ఆ కొట్లో సాయంత్రం దాకా కూర్చుని లోకాన్ని తిట్టుకుంటాడు.

లోకాన్ని తిట్టడానికి అతడికి కారణం లేకపోలేదు. బడి మధ్యలో మానేసి, కంటికి భూతద్దం బిగించుకుని, మీసం వెంట్రుక కన్నా సన్నటి స్ప్రింగులతో కుస్తీ పట్టి నేర్చుకున్న విద్య అది. తీరా నేర్చుకున్నాక జనం జేబులోంచి ఫోను తీసి టైము చూసుకోవడం మొదలుపెట్టారు. ముల్లు లేకుండా, టిక్కుమనకుండా, ఉత్త అంకెలు వెలిగే గడియారం ఏదైనా సరే, మేస్త్రి దృష్టిలో అది గడియారం కాదు. గడియారాన్ని చంపి దాని చొక్కా తొడుక్కున్న దొంగ. కొట్టు ముందు పెద్ద అక్షరాలతో బోర్డు కూడా రాయించాడు: "అంకెల గడియారాలు ఇక్కడ ముట్టుకోబడవు." వీధిలో అందరి ముందూ, ముఖ్యంగా బావమరిది ముందు, బతికుండగా అలాంటిదాని మీద చెయ్యి వెయ్యనని ఒట్టు పెట్టుకున్నాడు.

ఇంట్లో ఇంకో చట్టం ఉంది. ఏ గడియారాన్నీ మేస్త్రి తప్ప ఎవరూ తాకకూడదు. ఒకసారి అత్తగారు పాపం సాయం చేద్దామని గోడ గడియారానికి కీ ఇచ్చి, ఇచ్చి, స్ప్రింగు తెగేదాకా ఇచ్చింది. అల్లుడు చాలా రోజులు ఆవిడతో మాట్లాడలేదు. అప్పట్నుంచీ ఆ గోడ పక్కనుంచి వెళ్లాల్సి వస్తే ఇంట్లోవాళ్లు చేతులు వెనక్కి పెట్టుకుని నడుస్తారు.

ఇల్లాలి పథకం మాత్రం చిన్నది కాదు. ఏళ్ల తరబడి ఆమె గ్యాసు పొయ్యి మీద ఒక సొట్టల రేకుపెట్టె పెట్టి అందులో కేకులు చేసేది. ఒకవైపు బొగ్గు, ఒకవైపు పచ్చి. మాడింది కోసి పారేసి, బాగున్న సగం ఇరుగుపొరుగుకు పెట్టేది. ఆ సగం కేకు రుచే నోటా నోటా పాకి ఒక పెద్ద ఆఫీసు క్యాంటీను మేనేజరమ్మ దాకా వెళ్లింది. ఆవిడ ఖచ్చితమైన మనిషి. "బుధవారం నాలుగింటికి నేనే మీ ఇంటికొస్తా. మీ వంటగది చూడాలి, కేకు తినాలి. రెండూ నచ్చితే రోజూ మా క్యాంటీనుకి మీరే. నచ్చకపోతే గురువారం పొద్దున బజారు బేకరీవాడికి మాటిచ్చేస్తా," అని ఫోనులో చెప్పింది. పైగా, "ఎలాగూ మీ కింద వాటాలో పళ్ల డాక్టరు దగ్గర పళ్లు శుభ్రం చేయించుకోవాలి. అది ముగించుకుని అలాగే మెట్లెక్కి వస్తా," అంది.

ఇల్లాలు కుట్టుమిషను తొక్కి కూడబెట్టుకున్నదంతా పెట్టి కరెంటు పొయ్యి కొనేసింది. ఇవాళే ఆ బుధవారం.

పొయ్యి అనుకున్న వేళకే వచ్చింది. నెత్తిన నాలుగు గుండ్రటి ఇనప పళ్లేలు, కడుపులో ఓవెను, నడుము దగ్గర వరసగా తిప్పుడు బొత్తాలు. మోసుకొచ్చిన ఇద్దరు మనుషులూ మెట్టు మెట్టుకీ ఆగి మేస్త్రి వంక అదోలా చూశారు. మేస్త్రి చెయ్యి వేయలేదు గానీ, "జాగ్రత్త, జాగ్రత్త," అని నోటిసాయం బాగా చేశాడు.

బావమరిది ఎలక్ట్రీషియను. నోరు ఎంత జోరో పనీ అంత శుభ్రం. పొయ్యి కోసమని మెయిను నుంచి విడిగా లావుపాటి తీగ లాగి, గోడ మీద చేతికందే ఎత్తులో ఎర్ర స్విచ్చి బిగించి, ఎర్తు చూసుకుని, పక్కన వేలాడుతున్న కిటికీ తెర పీకి అవతల పడేశాడు. పొయ్యి కాళ్ల మరలు తిప్పి ఎత్తు సరిచేశాడు. తర్వాత వెనక గోడకి ఒక కొక్కెం కొట్టి పొయ్యికి గొలుసు తగిలిస్తుంటే అత్తగారు కంగారుపడింది.

"గొలుసెందుకురా దానికి? కరుస్తుందా?"

"కరవదమ్మా, తూలుతుంది. ఓవెను తలుపు తెరిచి దానిమీద బరువు పెడితే మొత్తం ముందుకి పడుతుంది. అందుకే కట్టెయ్యాలి."

"మీ నాన్నక్కూడా ఇలాంటిదొకటి దొరికితే ఎంత బాగుండేదో!"

మేస్త్రి భూతద్దం కంటికి పెట్టుకుని పొయ్యి పైభాగాన్ని ఒక మూల నుంచి పరీక్షించాడు. "ఎడంపక్క వెంట్రుకవాసి పల్లముంది."

"బావా, ఇది పొయ్యి. చేతికి కట్టుకుని తిరగరు," అని బావమరిది లేచి, అక్క వైపు తిరిగాడు. "అక్కా, విను. దీనికి మంట కనిపించదు. కనిపించలేదు కదా అని చెయ్యి పెట్టకు. ఆపేశాక కూడా పళ్లెం చాలాసేపు కాలుతుంది. తడి చేత్తో బొత్తాలు ముట్టుకోకు. పొగొచ్చినా, నిప్పురవ్వ లేచినా, ఏమొచ్చినా సరే, ముందు ఈ ఎర్ర స్విచ్చి ఆపు. తర్వాతే అరుపులూ కేకలూ."

ఇల్లాలు తలూపింది. ఆమెకన్నా గట్టిగా అత్తగారు తలూపి, వెళ్లి రబ్బరు చెప్పులు తొడుక్కుని వచ్చి, ఒక చెక్క గరిటె పట్టుకుని పొయ్యికి ఎదురుగా కాపలా నిలబడింది.

ఎర్ర స్విచ్చి వేశారు. పొయ్యి నడుము మధ్యలో ఒక చిన్న గాజుపలక వెలిగింది. అందులో నాలుగు పచ్చటి సున్నాలు వెలుగుతూ ఆరుతూ మేస్త్రిని చూసి కన్ను కొట్టాయి.



"ఇక్కడికి కూడా దాపురించిందా!" అన్నాడు మేస్త్రి.

"టైము పెడతావా బావా?" బావమరిది నవ్వు ఆపుకుంటూ అడిగాడు.

"నేను ముట్టను. మీరెవరూ ముట్టుకోవడానికి వీల్లేదు. టైము కావాలంటే గోడకి చూసుకోండి, లక్షణంగా ముళ్లు తిరుగుతున్నాయి." బావమరిది సంచిలోంచి నల్ల టేపు తీసి, కసిగా ఒక ముక్క చింపి, ఆ సున్నాల మొహాన అంటించాడు మేస్త్రి.

పళ్లేలు ఒక్కొక్కటే వేసి చూశారు. చక్కగా కాలాయి. ఓవెను బొత్తాం తిప్పితే లోపల దీపం వెలిగింది. "అంతా బ్రహ్మాండం," అని బావమరిది పక్క వీధిలో వేరే పని ఉందంటూ వెళ్లిపోయాడు.

ఇల్లాలు పిండి గిలక్కొట్టి, అచ్చుల్లో పోసి, ఓవెనులో పెట్టి తలుపు మూసింది. తల్లీ కూతుళ్లిద్దరూ గాజు తలుపు ముందు ముక్కాలిపీటలు వేసుక్కూర్చున్నారు. లోపల దీపం వెలుగుతూనే ఉంది. పిండి మాత్రం ఎక్కడ పోసింది అక్కడే ఉంది.

"అమ్మాయ్," అంది అత్తగారు చాలాసేపటికి, "అదేమిటే, పిండి కూడా మనల్నే చూస్తోంది?"

ఇల్లాలు తలుపు తెరిచి చెయ్యి పెట్టింది. వేడి లేదు సరికదా, బయటికన్నా చల్లగా ఉంది.

"ఏవండీ! ఓవెను చచ్చిపోయిందండీ!"

కొట్టుకు బయల్దేరబోతున్న మేస్త్రి చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. మొహంలో విచారం కన్నా సంతోషమే ఎక్కువ కనిపించింది. "నే చెప్పలా? మీ తమ్ముడు తీగ సగమే కలిపుంటాడు."

కబురందుకుని బావమరిది పరుగున వచ్చాడు. అప్పటికే చెవులు ఎర్రగా ఉన్నాయి. "పళ్లేలు కాలుతున్నాయా లేదా? కాలుతుంటే నా తీగ మంచిదే. పైకి కరెంటిచ్చి కిందకి ఇవ్వకపోవడానికి దానికేమైనా పక్షపాతమా?"

"పని చేసినవాడి పక్షపాతం ఉంటుంది."

"సరే బావా, విప్పి చూపిస్తాను. నువ్వు కిందకెళ్లి మెట్ల కింద మెయిను ఆపు. రెండు పక్కపక్కనే ఉంటాయి. కుడిపక్కది మనది. కుడి."

మేస్త్రి దిగాడు. ఇక్కడ మేస్త్రి గురించి ఒక సంగతి చెప్పాలి. జీవితమంతా గడియారాలను వెనక డబ్బా విప్పి చూసినవాడు. వెనక నుంచి చూస్తే గడియారానికి కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. మామూలప్పుడు ఫరవాలేదు గానీ, కంగారులో ఎవరైనా కుడి అంటే అతడి ఎడమ చెయ్యి లేస్తుంది. లేచింది. టక్కున ఎడమ మెయిను దించి, "తీసేశా!" అని పైకి అరిచాడు.

బావమరిది మరకి స్క్రూడ్రైవరు పెట్టబోయే ముందు అలవాటుగా టెస్టరు పెట్టాడు. టెస్టరులో బల్బు ధగధగలాడింది.

"బావా!" అని అక్కణ్నుంచే కేక పెట్టాడు. "అక్కకి ఉన్నది ఒక్కణ్నే తమ్ముణ్ని! నన్నెందుకు పంపించేద్దామనుకుంటున్నావు?"

మేస్త్రి జవాబు చెప్పేలోపే కింది వాటా తలుపు భళ్లున తెరుచుకుంది. పళ్ల డాక్టరు బయటికొచ్చాడు. నుదుట దీపం, చేతిలో ఆగిపోయిన తొలిచే మర. కళ్లలో మాత్రం బాగానే కరెంటుంది.

"ఎవరండీ నా మెయిను దించింది? శుభ్రం చేద్దామని కూర్చోబెడితే పుచ్చు కనపడింది, సూదిమందు వేసి తొలుస్తున్నాను, సగం తొలిచేసరికి మర ఆగింది! ఇంటి యజమానికి ఫిర్యాదు చేస్తాను. ఈ పూటే చేస్తాను!"

అతడి వెనక, మెడకి కాగితం రుమాలు కట్టుకుని, ఒక బుగ్గ బన్ను రొట్టెలా ఉబ్బి, నోరు సగం తెరుచుకుని ఒకావిడ నిలబడి ఉంది. గొడవ విని మెట్ల మీదకొచ్చిన ఇల్లాలికి, ఇవాళ ఇక్కడ పళ్లు శుభ్రం చేయించుకుంటానన్నది ఎవరో గుర్తొచ్చింది.

"మేనేజరమ్మగారూ..." అంది పీలగా.

మేనేజరమ్మ ఏదో అనబోయింది. సగం పెదవి కదిలింది, సగం కదల్లేదు. తన చేతి గడియారం వైపు వేలు చూపించి, నాలుగు వేళ్లు ఎత్తి, డాక్టరు వెనకే లోపలికి వెళ్లిపోయింది. అంటే నాలుగింటికి వచ్చి తీరుతుంది.

మేస్త్రి ఎడమ మెయిను ఎత్తి, బొమ్మలా పైకి వచ్చాడు. అత్తగారు మాత్రం డాక్టరుని బతిమాలి చల్లబరచడానికి కిందకి దిగింది. బావమరిది ఇంక విప్పడాలు మాని, పొయ్యి అమ్మిన కొట్టుకి ఫోను చేసి, అందరికీ వినపడేలా పెట్టాడు. అవతల ఒకమ్మాయి తాపీగా మాట్లాడింది.

"ఓవెను వేడెక్కట్లేదా అండీ? దాని గడియారంలో టైము సరిచేశారా?"

బావమరిది నల్ల టేపు వంక చూశాడు. "చెయ్యకపోతే?"

"చేస్తే గానీ వేడెక్కదండీ. ఆ పొయ్యి అంతే. ఇంకో మాట, మొదటిసారి ఏమీ పెట్టకుండా ఖాళీగా కాల్చండి. లోపల ఫ్యాక్టరీ నూనె ఉంటుంది, పొగొస్తుంది. కిటికీలు తీసిపెట్టుకోండి."

ఫోను పెట్టేశాక అందరూ గోడ గడియారం వంక చూశారు. మూడు దాటింది.

"ఇంతసేపూ నా తీగని తిట్టావు," అన్నాడు బావమరిది మెల్లగా. "తీరా చూస్తే నీ టేపు!"

"నేను ముట్టను," అన్నాడు మేస్త్రి. గొంతు మాత్రం పొద్దున ఉన్నంత గట్టిగా లేదు.

"అయితే నేను పెడతా."

"ఈ ఇంట్లో గడియారం ఇంకొకరు ముట్టుకోవడానికి వీల్లేదు."

"మరి ఎవరు ముట్టుకోవాలి బావా, కింద డాక్టరుగారా?"

ఇల్లాలు ఇద్దరికీ మధ్యకొచ్చి నిలబడింది. అరవలేదు. అరిస్తే బాగుండునని మేస్త్రికి అనిపించింది.

"ఇన్నేళ్లలో మీ గడియారం ఒక్కటైనా ముట్టుకున్నానా?"

"లేదు."

"ఇది నా పొయ్యి. అవునా?"

"అవును."

"మరి దాని నడుముకున్న గడియారం ఎవరిది? చెప్పండి."

మేస్త్రి ఆమె చేతుల వంక చూశాడు. ఎప్పుడూ మాడిన వైపు కోసి చెత్తబుట్టలో వేసే ఆ చేతులు, ఇప్పుడు పిండంటుకుని, టేపు వైపు మెల్లగా కదులుతున్నాయి. ఏళ్లుగా ఆ రేకుపెట్టె పొగ చూస్తూ కూడా ఒక్కసారైనా మంచి పొయ్యి కొందామని అనలేకపోయిన మొగుడు, ఆవిడే కొనుక్కుంటే దాని మొహానికి టేపేశాడు. ఆ సంగతి ఎవరూ అనకముందే అతడికి తగిలింది.

"ఆగు," అన్నాడు.

ఆమె చెయ్యి ఆగింది.

"నువ్వు పెడితే రెండు నిమిషాలు అటూ ఇటూ పెడతావు. తప్పు టైము నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు."

టేపు సర్రున పీకాడు. భూతద్దం బిగించుకున్నాడు. జేబులోంచి తన పాత కీ గడియారం తీసి ఎడం అరచేతిలో పెట్టుకుని, కుడి చూపుడువేలు బొత్తాం మీద ఆనించి, సెకన్ల ముల్లు నెత్తికి చేరేదాకా కదలకుండా నిలబడ్డాడు. చేరింది. నొక్కాడు. సున్నాలు పోయి టైము నిలిచింది. ఓవెను లోపల ఎక్కడో ఫ్యాను 'హుమ్మ్' అని మూలిగి తిరగడం మొదలుపెట్టింది. గాజు తలుపు మీద పెట్టిన ఇల్లాలి చేతికి వెచ్చదనం తగిలింది.

"బావా!" బావమరిది ఎగిరి గంతేశాడు. "రాజువి బావా నువ్వు!"

ఓవెనులోంచి అచ్చులు తీసి, నానిపోయిన పాత పిండి పారబోసి, ఇల్లాలు కొత్త పిండి కలపడానికి పక్క గదిలోకి సామాను కోసం వెళ్లింది. మేస్త్రి, బావమరిది కిటికీలు తెరవడానికి హాల్లోకి వెళ్లారు. సరిగ్గా అప్పుడే అత్తగారు డాక్టరుకి క్షమాపణలు చెప్పి పైకొచ్చింది. ఫోను మాటలేవీ ఆవిడ వినలేదు. వంటగదిలో అడుగుపెడితే ఓవెను తలుపు సందుల్లోంచి నీలంగా పొగ వస్తోంది, నూనె కంపు కొడుతోంది.

ఆవిడ చదువుకోలేదు గానీ చెప్పిన పాఠం మరిచిపోయే మనిషి కాదు. ముందు ఎర్ర స్విచ్చి ఆపింది. తర్వాత అరిచింది. ఆ తర్వాత పాఠంలో లేని ముక్క సొంతంగా కలిపి నీళ్ల బకెట్ ఎత్తింది.

"అమ్మా! కరెంటు మీద నీళ్లు పొయ్యకూడదే!" అంటూ బావమరిది అడ్డం దూకాడు. పొయ్యి మీద చుక్క పడలేదు. అంతా అతడి మీదే పడింది.

"పొగ రావాలా?" అంది అత్తగారు సంగతి విన్నాక, తడిసిన కొడుకుని చూస్తూ. "ఆ మాట ముందు చెప్పి ఏడవచ్చు కదరా!"

ఎర్ర స్విచ్చి మళ్లీ వేశారు. గాజుపలక మీద నాలుగు సున్నాలు మళ్లీ కన్ను కొట్టాయి. కరెంటు పోతే ఆ గడియారం అన్నీ మరిచిపోతుంది. అందరూ మేస్త్రి వంక చూశారు. ఈసారి అతడు ఎవరితోనూ వాదించలేదు. చూపు కూడా కలపలేదు. పాత గడియారం తీశాడు, నిలబడ్డాడు, నొక్కాడు. "బుర్రలేని సన్నాసి," అని మాత్రం గొణిగాడు, ఓవెనుని.

ఆ మాటతోపాటే తలుపు తట్టిన చప్పుడైంది. నాలుగైంది. గుమ్మంలో మేనేజరమ్మ.

ఆవిడకి కనిపించింది ఇది: పొగ నిండిన గది, నీళ్ల మడుగులో నిలబడ్డ మనిషి, చెక్క గరిటె పట్టుకున్న ముసలావిడ, కంటికి భూతద్దం పెట్టుకుని పొయ్యిని తిడుతున్న ఇంటాయన. కేకు మాత్రం ఎక్కడా లేదు.

ఇల్లాలు చేతులు నలుపుకుంటూ, "కూర్చోండమ్మా... ఇంకా కొంచెం..." అంది. మేనేజరమ్మ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని, తల అడ్డంగా ఊపి, కుర్చీ లాక్కుని వంటగది గుమ్మంలోనే కూర్చుంది.

"అయిపోయింది," బావమరిది చెవిలో గొణిగాడు మేస్త్రి. "తల అడ్డంగా ఊపింది."

"మరి వెళ్లిపోదేం?"

"తీరిగ్గా తిట్టడానికి."

పొగ తగ్గింది. ఇల్లాలు ఇంక ఎవరి వంకా చూడదలుచుకోలేదు. చేతులు కడుక్కుని, శుభ్రంగా తుడుచుకుని, పిండి జల్లెడ పట్టి, గుడ్లు గిలక్కొట్టి, వెన్న కలిపి, అచ్చులకి రాసి, పోసి, ఓవెనులో పెట్టి తలుపు వేసింది. బల్ల మీద ఒక మరక మిగలనివ్వలేదు. మేనేజరమ్మ కళ్లు ఆ చేతుల వెంటే తిరిగాయి. నోరు మాత్రం విప్పలేదు. ఆ మౌనానికి అత్తగారు రెండుసార్లు లోపలికెళ్లి మొహం కడుక్కుని వచ్చింది.

కాసేపటికి గాజు తలుపు వెనక పిండి కదిలింది. మెల్లగా అంచులు వదిలి, పైకి లేచి, గుండ్రంగా ఉబ్బి, బంగారు రంగు తిరిగింది. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకటే రంగు. ఏ పక్కా మాడలేదు. వెన్న వాసన గది దాటి, మెట్లు దిగి, వీధిలోకి నడిచింది. గాజు ముందు కూర్చున్న ఇల్లాలు కళ్లు తుడుచుకుంది. పొగ వల్ల అనుకోవడానికి పొగ ఎప్పుడో పోయింది.

మొదటి ముక్క కోసి పళ్లెంలో పెట్టి, మేనేజరమ్మ చేతికిచ్చింది. ఆవిడ కొరికింది. నమిలింది. చాలాసేపు నమిలింది. రెండో ముక్క తనే కోసుకుంది. అప్పుడు నోరు విప్పింది.

"అబ్బ! ఇప్పటికి తిమ్మిరి దిగింది."

ఎవరికీ అర్థం కాలేదు.

"సూదిమందండీ. సగం మొహం కొయ్యబారిపోయింది. తిమ్మిరి పోయేదాకా ఏమీ తినొద్దన్నాడు డాక్టరు, అదే చెబుదామంటే మాట రాదు. మీరు నాలుగింటికే కేకు తెచ్చి చేతిలో పెడతారేమో, ఎలా కాదనాలా అని నేను హడలిపోతున్నా. మర్యాదకి తినేసి ఉంటే అట్టముక్క నమిలినట్టుండేది. రేపు పొద్దున బేకరీవాడికి మాటిచ్చేసేదాన్ని." మూడో ముక్క అందుకుంటూ చెయ్యి ఊపింది. "పైగా మీరు పని చేస్తుంటే మొదట్నుంచీ చివరిదాకా చూశాను. అలా ఏ బేకరీవాడు చూడనిస్తాడు? సోమవారం నుంచి రోజూ పంపండి. పెద్ద ఆఫీసు, అందరూ తీపి తినే మనుషులే."

ఇల్లాలు కుర్చీలో కూలబడి నవ్వింది. అత్తగారు గరిటె గాల్లోకి ఎత్తింది. తడిసిన బావమరిది మేస్త్రి భుజం మీద చరిచాడు.

"చూశావా బావా! నువ్వు టేపు వెయ్యకపోయుంటే కేకు వేళకయ్యేది, బేరం పోయేది!"

"అందుకే వేశాను," అన్నాడు మేస్త్రి, కళ్లు ఆర్పకుండా.

"మరి నీ ఒట్టో? అంకెల గడియారం మీద చెయ్యేశావుగా! రెండుసార్లు!"

"నేను చెయ్యేసింది పొయ్యి మీద. అందులో గడియారం ఉంటే అది పొయ్యి తప్పు."

ఇల్లాలు పెద్ద ముక్క కోసి మొగుడి చేతిలో పెట్టింది. అది అన్ని వైపులా సమానంగా కాలి ఉంది. అతడు తప్పు పట్టడానికి తిప్పి తిప్పి చూసి, ఏమీ దొరక్క, తినేశాడు.

అంతలో పళ్ల డాక్టరు ఫిర్యాదు రాసుకున్న కాగితం చేత్తో పట్టుకుని పైకొచ్చాడు. ఎవరో ఒక ముక్క చేతిలో పెట్టారు. తింటూ మేనేజరమ్మ మాటలు విన్నాడు: రోజూ, పెద్ద ఆఫీసు, అందరూ తీపి తినే మనుషులే. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ తన పేరూ ఫోను నంబరూ ఉన్న కార్డులు ఒక కట్ట తీసి, "సోమవారం నుంచి క్యాంటీనుకి పంపే కేకుల పెట్టెలో ఇవి కూడా పెట్టండి," అని ఇల్లాలి చేతికిచ్చాడు.